రెండుసార్లు తట్టాక

జనవరి 9

శనివారం క్లాసు ఇకనుంచి నన్ను తీసుకోమని కోచ్ అన్నాడు. తొమ్మిదేళ్ళు నా భార్య నడిపిన క్లాసు. నాకు జియు-జిట్సు కుస్తీ ఏం వచ్చు? పట్లు చూపించడానికి ఆమెకో మనిషి కావాలి. మ్యాట్ మీద పడుకునేవాణ్ణి. యాభై రెండు కిలోల ఆమె ఎనభై కిలోల నన్ను దుప్పటిలా మడతపెట్టేది.

సరేనన్నాను. ఆమె పోయి నలభై మూడు రోజులు.

జనవరి 16

పదకొండు మంది వచ్చారు. ఒకరి తర్వాత ఒకరుగా ఆరుగురి కింద ఇరుక్కున్నాను. కింద పడ్డప్పుడు తొయ్యకూడదు, ఊపిరి తీసుకుంటూ పైవాళ్ళ బరువు ఎటు జరుగుతుందో కనిపెట్టాలి అని ఆమె చెప్పేది. కనిపెడుతూ పడుకున్నాను. ఎటూ జరగలేదు.

టైలరింగ్ షాపు నడిపే అమ్మాయి రెండుసార్లు పట్టేసింది. నా భార్యను అక్కా అని పిలిచేది కాబట్టి నేను బావగారిని. ప్రతిసారీ సారీ బావగారూ అంటూనే మెలేస్తుంది. ఏప్రిల్ మొదట్లో టోర్నమెంట్ ఉంది ఆ పిల్లకి. ఆమె పోటీకి తయారు చేసిన ఆఖరి మనిషి.

జనవరి 23

నాకు కష్టంగా ఉంటే క్లాసు ట్రక్కుకి ఇస్తానని కోచ్ గోడ గడియారంతో చెప్పాడు. ట్రక్కు మా జిమ్‌లో హెవీవెయిట్. ఆ పేరు పెట్టింది ఆమే. ఇంజనుంది, స్టీరింగ్ లేదు అనేది.

ఆమె క్లాసు ట్రక్కుకి.

జనవరి 24

ట్రక్కే లాకర్ల దగ్గర పక్కకు పిలిచాడు. మంచివాడే. తనకా తలనొప్పి వద్దన్నాడు. చేతిలో చిన్న సీసాలు పెట్టాడు. కండలు పెంచే మందు, పన్నెండు వారాల కోర్సు. మధ్యలో ఆపితే చతికిలబడతావు, మొదలుపెడితే పూర్తి చెయ్యాల్సిందే అన్నాడు.

ఇంట్లో ఆమె సిరంజిలు మిగిలే ఉన్నాయి. ఏడాదిపాటు ఆమెకు ఇచ్చి ఇచ్చి చెయ్యి తిరిగింది. ఈసారి తొడ నాది.

ఫిబ్రవరి 20

ఎవరి బరువు ఎటు జరుగుతుందో కనిపెట్టే పని లేదు. నేనే జరుపుతున్నాను. కోచ్ భుజం తట్టాడు.

మ్యాట్ మీద వేసుకునే కోటు చేతులు పట్టేస్తున్నాయి. టైలర్ దగ్గరికి వెళ్ళాను. టేపు చుట్టి, తన పుస్తకంలో పాత కొలత చూసింది. మళ్ళీ చుట్టింది. రెండంగుళాలు వదులు చేస్తానంది.

ఫిబ్రవరి 28

నిన్న వదిన వచ్చింది. తన చెల్లెలు పోయాక మరిది ఎండిపోయి ఉంటాడనుకుందేమో. తలుపు తీయగానే పైనుంచి కిందికి చూసి, పెళ్ళికొడుకులా తయారవుతున్నావే, సంబంధాలు చూడమంటావా అంది. తను నవ్వలేదు. నాలుగు రోజులకు సరిపడా వండిపెట్టి వెళ్ళింది.

ఇవాళ్టికే ఊడ్చేశాను. ఇరవై ఏళ్ళ కుర్రాడి ఆకలి. ఏడుపు మాత్రం రావడం లేదు.

మార్చి 13, సాయంత్రం 6

టైలర్ కుడి మోచెయ్యి.

నా పట్టులో ఉంది. విడిపించుకుంటుందనుకున్నాను. తడిగుడ్డ దులిపినట్టు చప్పుడైంది. ఆరు వారాలు కదపకూడదన్నాడు డాక్టరు. టోర్నమెంట్ పోయింది. కత్తెర పట్టే చెయ్యి.

మార్చి 14

ఓడినవాళ్ళు రెండుసార్లు తడతారు. తట్టగానే వదిలెయ్యాలి. మా ఆటలో ఉన్న పరువంతా అదొక్కటే.

తట్టడం తనదే ఆలస్యమైందని ఆ పిల్ల అందరికీ చెబుతోందట. నీ తప్పేం లేదయ్యా అని కోచ్ నాకు టీ ఇప్పించాడు. తాగాను.

మార్చి 17

నవంబరులో ఆమె నోట్లో గొట్టం ఉండగా నా మణికట్టు మీద రెండుసార్లు తట్టింది. నొప్పేమోననుకుని నర్సును పిలిచాను. ఇంకొన్నాళ్ళు ఊపిరి మిషన్ మీదే ఉంచమని సంతకం పెట్టాను. పదకొండు రోజులు.

మార్చి 18

నొప్పేమోననుకున్నానని రాశాను. అనుకోలేదు.

మార్చి 20

క్లాసులో ఆ పిల్ల లేదు. ఇక రానందట. సీసాలు ఇంకా నాలుగు వారాలకున్నాయి. ఆపితే ఈ క్లాసు నిలబెట్టలేను. ఆపకపోతే ఇంకెవరిదో మోచెయ్యి. సిరంజి పట్టుకుని మంచం మీద గంట కూర్చుని, గుచ్చుకున్నాను.

మార్చి 21

షాపుకి వెళ్ళాను. మిషన్ దగ్గర వాళ్ళమ్మ కూర్చుంది. ఆ పిల్ల ఎడమచేత్తో బొత్తాలు ఏరుతోంది. మానేస్తానన్న మాట నిజమేనా అన్నాను.

"ఎప్పుడు తట్టాలో, అక్క నాకు నేర్పిన మొదటి పాఠమే అది బావగారూ. తొమ్మిదేళ్ళయినా అదే రాలేదంటే ఇంక నాకేం వచ్చినట్టు?"

కూర్చోమంది. కూర్చోలేదు. ఇంజక్షన్ల సంగతి చెప్పాను. తల కూడా ఎత్తలేదు. కొలతలు తీసినరోజే అర్థమైందంది. టేపుకి అబద్ధం చెప్పలేరుగా అంది.

అప్పుడు అసలుది చెప్పాను.

"నువ్వు టైముకే తట్టావమ్మా. రెండుసార్లు. నా తొడ మీద. నాకు తెలిసింది."

మిషన్ ఆగింది. వాళ్ళమ్మ నన్ను చూసింది. ఆ పిల్ల బొత్తాల డబ్బా మూత పెట్టింది. మరి ఎందుకు వదల్లేదు అని అడిగింది. వదలడం నాకు రాదని చెప్పాను.

వెళ్ళమంది.

మార్చి 27

పదకొండు మందిని కూర్చోబెట్టి చెప్పాను. పదిమందిని. కోచ్ క్లాసు తీసేసుకున్నాడు. అప్పటికప్పుడే. ఆమె ఫొటో గోడ మీదే ఉంచుతానన్నాడు, అదీ నేను అడగకుండానే.

మిగిలిన సీసాలు ట్రక్కు లాకర్లో పెట్టి వచ్చాను. తన పేరు చెప్పలేదు కదా అని సాయంత్రం ఫోన్ చేశాడు. నీ పేరు నువ్వే చెప్పుకో అన్నాను.

ఏప్రిల్ 10

ట్రక్కు అబద్ధం చెప్పలేదు. మెట్లెక్కితే ఆయాసం. చొక్కా వదులైంది. వంటగదిలో నిలబడి, కారణమేమీ లేకుండానే, ఏడ్చాను.

ఏప్రిల్ 24, శనివారం

క్లాసు టైలర్ తీసుకుంది. కుడిచేతికి ఇంకా పట్టీ ఉంది. వెనక వరసలో నిలబడ్డాను. పొమ్మనలేదు. పట్టు చూపించడానికి మనిషి కావాలంది.

వెళ్ళి పడుకున్నాను. ఎడమచేత్తోనే బిగించింది. నేను తొయ్యలేదు.

రెండుసార్లు తట్టాను. వెంటనే వదిలేసింది.