నేల మీద కూర్చున్న బ్యాండు

వర్జీనియా, ఆగస్టు 2011

అత్తా, నీ దీవెన వల్ల కులాసా. నువ్వు బెంగపడ్డ ఆ పెద్ద కచేరీ నిన్న బాగా జరిగింది.

ఏడేళ్లుగా మా బ్లూగ్రాస్ బ్యాండు, అదే ఇక్కడి పల్లెపాటల మేళం, చర్చి హాళ్లలో, పెళ్లిళ్లలో వాయించింది కానీ, ఇంత పెద్ద స్టేజి ఎక్కడం ఇదే మొదలు. అక్కడ ఒకే మైకు, దాని చుట్టూ అందరూ నిలబడి వాయించాలి. నాకేమో నువ్వు నేర్పిన అలవాటాయె. బాసింపట్టు వేసుకుని, ఫిడేలు తల చీలమండ మీద ఆనిస్తే తప్ప వేళ్లు ఆడవు. ఇన్నాళ్లూ నాకు కింద వేరే మైకు పెట్టేవారు. నిన్న కుదరదన్నారు. "నా బదులు ఇంకెవరినైనా పెట్టుకోండి" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

బ్యాండు పెట్టిన పెద్దాయన వేడ్ మైకుని మోకాలి ఎత్తుకు దించాడు. బాంజో ఒళ్లో పెట్టుకుని నా పక్కన చతికిలబడ్డాడు. "నువ్ లేవక్కర్లేదు, మేమే కూర్చుంటాం" అన్నాడు. గిటారు, మాండొలిన్ వాళ్లూ బూట్లతోనే కూర్చున్నారు. నిలువెత్తు బాస్ ఫిడేలు వాయించే రాయ్ ఒక్కడే, పాపం, సిగ్గుపడుతూ నిలబడ్డాడు. పాట అయ్యాక జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. మావాళ్లను మాత్రం చేయిచ్చి లేపాల్సి వచ్చింది.

మామయ్యకి షుగర్ తగ్గిందా? నీ మోకాళ్ల నొప్పికి డాక్టర్‌కి చూపించుకున్నావా? వేడ్ నీకు నమస్కారం చెప్పమన్నాడు.

నీ పాదాలకు దణ్ణం పెడుతూ,
హైమ

అన్నట్టు, మన రేణు ఇక్కడికి వచ్చేటప్పుడు దానితో ఓ జంపకానా పంపించు. నా ఒక్కదానికే కదా అని చిన్నది కొనేవు. నలుగురం కూర్చోవాలి, అందులో ముగ్గురికి కాళ్లు ముడవడం రాదు.