రబ్బరు అణగకముందే

బావా,

బాగున్నావా అని అడగలేను. నువ్వు వెళ్లిపోయి మొన్న ఆదివారానికి ఎనిమిది నెలలు. ఇన్నాళ్లూ నీకు రాయడానికి మొహం చెల్లలేదు.

నీ నల్ల కారు రేపు వెళ్లిపోతోంది. గవర్నర్‌పేట నుంచి ఒకాయన వచ్చి చూసుకున్నాడు. నడపడానికి కాదు, తలుపులూ అద్దాలూ ఊడదీసి అమ్ముకోవడానికి. రేపు లారీ తెస్తాడు.

పెట్రోలు ధర పెరిగాక అంత పాత కారుని ఎవరూ ముట్టుకోలేదు. నువ్వు మాత్రం దాంట్లో జీపు డీజిల్ ఇంజను బిగించి టాక్సీగా తిప్పుదామన్నావు. మన భవానీపురం షెడ్డులో నవ్వనివాడు లేడు. నేనూ నవ్వాను. ఇంజను ఆనడానికి చాసీకి ఇనప ముక్కలు వెల్డింగు చేశావు. వాటి మీద వేయడానికి లారీ టైరు కోసి రబ్బర్లు తయారుచేశావు. ఇంజను దించి కూర్చోబెట్టడం ఒక్కటే మిగిలింది. అంతలో కామెర్లు...

ఆసుపత్రి మంచం మీద కూడా నీకు అదే ధ్యాస. "ఒరేయ్ దావీదూ, ఇంజను కూర్చోబెట్టు గానీ అప్పుడే బోల్టులకి చిల్లులు కొట్టేవు. పది రోజులు వదిలెయ్. రబ్బరు ఆ బరువుకి అణగాలి. అణిగాక కొలత చూసుకో" అన్నావు. తలూపాను. అక్షరం మర్చిపోలేదు బావా.

మరెందుకు ఆగలేదంటావా?

అప్పటికి నీ జ్ఞాపకార్థ కూడికకి మూడు రోజులే ఉంది. ఆ రోజు అక్కని రిక్షాలో తీసుకెళ్లడానికి నాకు మనసొప్పలేదు. నీ కారులోనే చర్చి దగ్గర దించాలనుకున్నాను. ఇంజను దించిన రోజే చిల్లులు కొట్టి బోల్టులు బిగించేశాను. ఫ్యానుకీ రేడియేటరుకీ మధ్య రెండు వేళ్లు పట్టాయి. చాలనుకున్నాను.

అక్క ముందు సీట్లో కూర్చుంది. దారి పొడుగునా డాష్‌బోర్డు మీద చెయ్యి ఆనించి ఇంజను అదురు వింటూ ఉంది. నువ్వు పోయాక అక్క కాస్త తేలిగ్గా కనిపించింది ఆ అరగంటే.

తర్వాత ఐదు నెలలు ఇబ్రహీంపట్నం కరెంటు స్టేషను పనుల మీద వచ్చేవాళ్లని తిప్పాను. అక్క ఇల్లు గడిచింది. ఆ ఐదు నెలల్లో ఒక్కసారైనా బానెట్ ఎత్తి ఆ సందులో వేళ్లు పెట్టి చూశానా? లేదు. రబ్బరు రోజూ కొంచెం అణుగుతోంది, ఇంజను ముందుకి వాలుతోంది. ఒక మధ్యాహ్నం ఖాళీగా తిరిగొస్తుంటే ఫ్యాను రెక్క రేడియేటరుని కోసేసింది. చప్పుడు విన్నాను. ఇల్లు ఎంతో దూరం లేదు కదా అని అలాగే తోలుకొచ్చాను. నీళ్లన్నీ కారిపోయి మన వీధి మలుపులో ఇంజను కాలి పట్టేసి ఆగిపోయింది. విప్పి చూస్తే బాగుచేయడానికి ఏమీ మిగల్లేదు.

"నీ తొందర తగలెయ్య" అనేవాడివి. ఇప్పుడు ఎవరూ అనలేదు...

అసలు సంగతి ఇంకా చెప్పలేదు బావా. షెడ్డులో అందరూ నువ్వు కోసిన రబ్బర్లదే తప్పంటున్నారు. అక్క కూడా నమ్మింది. అప్పటికే ఆయనకి ఒంట్లో బాగాలేదు కదా, కొలత తప్పి ఉంటాడు అంది. నేను తలూపాను. నీకు ఊపినట్టే.

అక్క ఇప్పుడు నర్సుల హాస్టల్లో వంటకి వెళ్తోంది. పొద్దున్న పనికి బయల్దేరుతూ, లారీ వచ్చేలోగా కారుని ఒక్కసారి స్టార్టు చేయమంది. ఆ చప్పుడు వింటుందట. ఇంజను ఇక కదలదని తనకి ఇంకా తెలీదు. ఏం చెప్పను? రేపు చూద్దామన్నాను.

రేపు చెబుతాను బావా. ఇక అది మోగదనీ, కొలత తప్పింది నీకు కాదనీ... ముందు అక్కకి, తర్వాత షెడ్డులో అందరికీ. అక్క నాతో మాట్లాడటం మానేసినా సరే. దానివల్ల కారు తిరిగి రాదు. నువ్వూ రావు.

నీ రబ్బర్లు విప్పి నా దగ్గరే ఉంచుకున్నాను. బాగా అణిగాయి. ఇక చిల్లులు కొట్టొచ్చు.

నీ దావీదు