పక్క గోడ కోసిన ట్యాంకు

ఇందిరాపురం,
నవంబరు 9, ఆదివారం.

చిరంజీవి శేషగిరికి అక్క దీవెనలు. నీ మోకాలి నొప్పి, కమల బి.పి. అదుపులో ఉన్నాయని తలుస్తాను. ఫోనులో మాట్లాడితే మీ బావగారు వింటారు. అందుకని రాస్తున్నాను.

ఇక్కడ ఢిల్లీ పొగ మొదలైంది. ఎదురు అపార్టుమెంటు మధ్యాహ్నం కూడా కనబడటం లేదు. కిటికీలన్నీ మూసి ఉంచుతున్నాము. ఆయన ముక్కుకు గొట్టం పెట్టుకుని రోజంతా ఆక్సిజన్ మిషను పక్కనే కూర్చుంటున్నారు. పూటకు రెండు ముద్దల పెరుగన్నం, అంతే. ఊపిరితిత్తులు ఇక కోలుకోవని, ఈ చలికాలం ఇక్కడ ఉంచవద్దని డాక్టరు చెప్పాడు. మీ కాకినాడ వచ్చినా బాగుపడరు. కాస్త తేలిగ్గా ఊపిరి తీసుకుంటారు. మేము కులాసా అని రాయడం అలవాటు కనుక చెయ్యి అటే పోతోంది. కులాసాగా లేము.

మా రవి ఆయనకు ముక్కలు అతికించి బొమ్మ చేసుకునే ప్లాస్టిక్ కిట్టు ఒకటి కొనిచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ట్యాంకు. పెట్టెలో ఉన్నట్టు అతికిస్తే సరిపోయేది. రైల్వే డీజిల్ షెడ్డులో పనిచేసిన మనిషి కదా, లోపలి ఇంజను కనబడాలని ఒక పక్క గోడ కోసేశారు. వేరే కిట్టులోని సిపాయిల తుపాకులు తీసేసి, చేతులు విరిచి మళ్ళీ అతికించి, ఇంజను చుట్టూ ఎనిమిది మందిని కూర్చోబెట్టాలట.

"ఇంజనుకూ వాళ్ళకూ మధ్యన అడ్డుగోడైనా లేదే. పొగంతా వాళ్ళ మొహాన్నే. బయటికొచ్చి వాంతులు చేసుకునేవారట," అన్నారు.

జిగురు వాసన ఆయనకు పడదు, పైగా ఆక్సిజన్ దగ్గర అది ప్రమాదం. నేనే మాస్కు పెట్టుకుని బాల్కనీలో అతికిస్తున్నాను. ఆయన అద్దం తలుపుకు అవతల కూర్చుని ఫోనులో చెప్తారు.

"ఎడమకే!"

"ఎవరి ఎడమ?"

"ఆ సిపాయి ఎడమ. అన్నేళ్ళు బడిలో లెక్కలు చెప్పావు, ఇదీ తెలీదూ?"

"అరవకండి. ఆయాసం వస్తుంది."

ట్యాంకు పూర్తవగానే కాకినాడ బయలుదేరాలని మా ఒప్పందం. కానీ నేను అతికించిన మనిషి మర్నాటికి ఊడి ఉంటున్నాడు. నేను అతికించింది ఊడదు. నిన్న ఎదురుగా కూర్చుని అడిగాను.

"మీరే పీకుతున్నారా?"

"ఊఁ."

"ఎందుకు?"

"అయిపోతే రైలెక్కిస్తావుగా. అక్కడికెళ్ళేది చావడానికే కదే."

"అవును. ఇక్కడ మూసిన గదిలో పోతారు. అక్కడ కిటికీ తీసుకుని కొన్నాళ్ళుంటారు."

ఆయన లాల్చీ జేబులోంచి ఒక సిపాయిని తీసి నా చేతిలో పెట్టారు.

ఇక ఆ ఒప్పందం లేదు. పూర్తయినా కాకపోయినా శుక్రవారం సాయంత్రం రైలు. రవి సెలవు పెట్టి తోడు వస్తున్నాడు. దారికి సిలిండరు, దానికి అనుమతి వాడే చూస్తున్నాడు. కమల వాళ్ళమ్మగారికి మా నమస్కారాలు. ఆవిడ దీవెన మీ బావగారికి కావాలని చెప్పు.

మీ అక్క,
సరస్వతి

జరగవలసినవి:

1. కింది గది ఖాళీ చేయించు. ఆయన మెట్లెక్కలేరు. కిటికీ పక్కన మంచం, మంచానికి అందేటట్టు బల్ల.

2. మేము దిగేలోపు ఆక్సిజన్ మిషను అద్దెకు తెచ్చి నడిపి చూడు. కరెంటు పోతే ఉండాలి, సిలిండరు కూడా తెప్పించు.

3. ఆదివారం తెల్లవారుజామున సామర్లకోట స్టేషనుకు చక్రాల కుర్చీతో రా. రైలు ఎక్కువసేపు ఆగదు.

4. డాక్టరు మాట ఆయనకు తెలుసు. "తగ్గిపోతుంది బావగారూ" అని ఎవరూ అనకూడదు.

5. ట్యాంకు నా ఒళ్ళో వస్తుంది. ఆయన పూర్తిచేయలేకపోతే ఎవ్వరూ పూర్తిచేయకూడదు. నేను కూడా.