మీసాల పిల్లి పుస్తకాల పంపకం

పెద్దవంగర కాపురస్తుడనైన నకాషీ రాజలింగం అనే నేను, యాభై తొమ్మిదేళ్ల వయసులో, తెలివి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాయిస్తున్నాను. జనగామ దవాఖానలో డాక్టరు నా గుండె చూసి తల ఊపాడు. అడ్డంగానో నిలువుగానో గుర్తు లేదు. అందుకే ఈ తొందర. నా తదనంతరం దీన్ని అమలు జరిపే బాధ్యత మిషన్ బడి పంతులు సాంసన్‌ది.

1. ఇల్లు, పెరడు నా భార్య అంజమ్మకు సర్వహక్కులతో చెందుతాయి. పైకప్పు కారుతుందని ఆమెకు తెలుసు. ఇరవై ఏళ్లుగా నాకు చెబుతూనే ఉంది.

2. బొమ్మల పుస్తకాలు. రజాకార్ల భయానికి పటం కథలు చెప్పేవాళ్లు ఊళ్లకు రావడం మానేశారు. వాళ్ల పటాలకు బొమ్మలు వేయడమే మా నకాషీల పని, అందుకని సిద్ధం చేసిన గుడ్డ మిగిలిపోయింది. దాన్ని పేజీలుగా కోసి, మా అవ్వలు పిల్లలకు పాడే పాటలకు బొమ్మలు వేసి ఏడు పుస్తకాలు కుట్టాను. పిల్లి పాటంటే పిల్లలకు ప్రాణం:

పిల్లి మామ పెండ్లికొచ్చె
నెయ్యి గిన్నె నాకిపోయె

ఆ పిల్లికి తలపాగా చుట్టి, మెలితిప్పిన మీసాలు పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టాను. సాక్షుల ఎదుట ఒప్పుకుంటున్నాను: అది మా ఊరి దొరే.

ఒకరోజు దొర బండి వెనక పిల్లలు ఆ పాట అందుకున్నారు. మధ్యాహ్నానికి నన్ను పుస్తకాలతో సహా దొర ఉండే గడికి పిలిపించారు.

"గీ పిల్లెవర్రా?" అన్నాడు దొర.

"పిల్లే దొరా."

"గట్లయితే మీసాలు తుడువు. అన్ని పుస్తకాలల్ల."

కొరడా గోడకు వేలాడుతోంది. ఆరు పుస్తకాల్లో మీసాల మీద నా చేత్తోనే తెల్లరంగు పూశాను. తిరిగొస్తుంటే పెరటి దర్వాజ దగ్గర దొర తల్లి ఆపింది. "మావోని మీసం ఇంకా పొడుగుంటది. జర తక్కువేసినవ్," అని నవ్వింది.

అంజమ్మ నవ్వలేదు. "పిల్లికి మీసాలుండయా? గా ఒక్క మాట అననీకె నోరు రాలేదా నీకు?" అంది. ఏడో పుస్తకాన్ని ఆమె అప్పటికే వడ్ల గుమ్మిలో దాచింది.

తరువాత దొరలకు ఎదురు తిరిగిన సంఘం బలపడింది, దొర హైదరాబాదు పారిపోయాడు. పిల్లలు పుస్తకాలు పట్టుకొచ్చి, "తాతా, మీసాలు పెట్టు," అన్నారు. ఆరింటికీ పెట్టాను. కాస్త వంకరొచ్చాయి.

ఏడో పుస్తకం అంజమ్మది. మిగిలిన వాటిలో రెండు సాంసన్ బడికి, మూడు గంగారం దగ్గరి తండాలో పిల్లలకు నా స్నేహితుడు దేవ్యా ద్వారా చేరాలి. ఒకటి హైదరాబాదులో కొడుకు దగ్గరున్న దొర తల్లికి టపాలో పంపాలి. దాంట్లో మీసం ఆమె చెప్పినంత పొడుగే వేశాను.

3. నా మీద గడికి చాడీ మోసింది నా తమ్ముడు కట్టయ్య. వాడికి నా కొత్త చెప్పులు. ఆనాటి పరుగుకు వాడివి అరిగి ఉంటాయి. నా కోపం ఇంతటితో సరి.

4. కుంచెలు, రంగులకు నూరే రాళ్లు, ఈ బొమ్మల పని నా కూతురు సోమక్కకు. ఆడపిల్ల కుంచె పట్టరాదని కులపెద్దలు అడ్డొస్తే ఈ కాగితం చూపాలి. ఆ పుస్తకాల్లోని చేపల పాటకు బొమ్మలన్నీ వేసింది ఆమె. ఊరంతా నన్ను మెచ్చుకుంటుంటే నేను నోరు మెదపలేదు. ఆ మెప్పు కూడా ఈ వీలునామాతో ఆమెకే రాసిస్తున్నాను.

1951 ఫిబ్రవరి 9, పెద్దవంగర
నకాషీ రాజలింగం చేవ్రాలు

సాక్షులు: పోశయ్య (చేవ్రాలు), దేవ్యా (వేలిముద్ర)
రాసినవాడు: సాంసన్