నీ పేజీకి రోజూ వచ్చేదాన్ని

బాన్సువాడ,
12 జూన్ 2008

ప్రియమైన మహెక్‌కు,

'ప్రియమైన' అని రాయడానికే నాకు పది నిమిషాలు పట్టింది. అబద్ధమెందుకు, నీ మీద కుళ్లుతో కడుపు మండిపోతోంది. నెట్‌లో ఆర్కుట్‌లోని నీ పేజీ మీద రాస్తే అందరూ చదువుతారని కవరులో పెట్టి పంపుతున్నాను.

ఇంటర్‌లో లెక్కలు నేను చెబితే నేర్చుకున్నదానివి. మార్కులు నాకే ఎక్కువ. అయినా మీ అబ్బా కాసిం చాచా చిన్న దుకాణం మీదే నిన్ను ఇంజనీరింగ్‌కు పంపాడు. అంత పొలమున్న మా బాపు, "ఆడపిల్లకు గంత చదువెందుకు?" అన్నాడు. రెండేళ్లు బతిమాలితే మొన్న టీచర్ ట్రైనింగ్ పరీక్షకు ఒప్పుకున్నాడు. "గిదొక్కసారే బిడ్డా. సీటు రాకుంటే ఇగ చదువు మాట ఎత్తకు" అన్నాడు.

నిన్న ఫారం నింపడానికి ఆఖరి రోజు. తారాచంద్ సేఠ్ నెట్ సెంటర్‌లో ఒక గంట దొరికింది. ముందు ఒక్క నిమిషం నీ పేజీ చూద్దామనుకున్నాను. కుట్టుమిషన్ క్లాసు నుంచి వస్తూ రోజూ చూస్తాను, నీకేం తెలుసు! ట్యాంక్‌బండ్ మీద నువ్వు, ల్యాప్‌టాప్‌తో నువ్వు, ఎవరెవరో స్నేహితురాళ్లతో నువ్వు. వాళ్లు రాసిన పొగడ్తలన్నీ చదివాను. నా గురించి ఒక్క ముక్కైనా ఉందేమోనని వెతికాను. లేదు. ఇంతలో సేఠ్ వచ్చి, "టైమైపోయిందమ్మా, బయట మస్తుమంది ఉన్నరు" అన్నాడు. ఇంకో పది నిమిషాలు అడుగుతుండగానే కరెంటు పోయింది. గడువు దాటాక వచ్చింది.

ఇంట్లో ఫారం పంపానని చెప్పాను. అవ్వ నా పుస్తకాలకు అట్టలు వేస్తోంది. ఇదంతా నీవల్లే అనుకుంటే కాస్త హాయిగా ఉంటోంది. కాదని గుర్తొచ్చినప్పుడల్లా ఏడుపొస్తోంది.

ఇట్లు,
రోజారాణి


హైదరాబాదు,
16 జూన్ 2008

నా రోజాకు,

నువ్వు రోజూ వస్తావని నాకు తెలుసే పిచ్చిదానా! ఎవరెవరు చూసి వెళ్లారో వాళ్ల పేర్లు నాకు కనిపిస్తాయి. ఏడాదిగా నీ పేరు లేని రోజు లేదు. నువ్వు చూస్తున్నావనే అన్ని ఫొటోలు పెట్టాను. ల్యాప్‌టాప్ నాది కాదు, రూమ్మేట్‌ది. ట్యాంక్‌బండ్ మీద నవ్విన రోజునే లెక్కల పేపరు రెండోసారి తప్పానని తెలిసింది. అబ్బాకు ఇంకా చెప్పలేదు. నువ్వైనా నేను బాగున్నానని నమ్మాలనిపించింది. పక్కన కూర్చుని చెప్పడానికి నువ్వుంటే తప్పేదాన్నా? నీ తెలివి చూసి నాకు అప్పుడూ కుళ్లే, ఇప్పుడూ కుళ్లే.

గడువు ఇరవై ఐదు దాకా పెంచారు. ఇవాళ పేపర్లో పడింది, కత్తిరించి ఇందులో పెట్టాను. ఆదివారం వచ్చి అబ్బాకు నిజం చెప్పేస్తాను. నువ్వు మాత్రం ఇక నా పేజీ జోలికి రాకు. నీ పేరు కనిపించకపోతే ఫారం నింపి చదువుకుంటున్నావనుకుంటాను. అప్పుడు కూర్చుని కుళ్లుకోవడం నా వంతు.

నీ
మహెక్