బెల్లం వెళ్ళే దారి

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున్న అశోక్ నగర్‌ కోచింగ్‌ క్లాసులో సారు ఊపిరితిత్తుల బొమ్మ గీశాడు. గాలి గొట్టం కొమ్మలు కొమ్మలుగా చీలి, చివర చిన్న చిన్న గాలి సంచుల్లో ముగుస్తుంది. వాటి గోడలు ఎంత పలచనంటే, గాలి వాటిని దాటి నెత్తురులో కలుస్తుంది. రాతి దుమ్ము మాత్రం అక్కడే ఇరుక్కుంటుందట. నీ ఎక్స్‌రేలో తెల్లమచ్చలు అవే.

కూర్చోలేకపోయాను. క్లాసు మధ్యలోనే లేచి, చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ దాకా ఆగకుండా నడిచాను. అక్కడో కొత్త అపార్ట్‌మెంట్‌లో తమ్ముడు నీ మిషన్‌తోనే గ్రానైట్ కోస్తున్నాడు. మాస్కు మెడలో వేలాడుతోంది. నోట్లో అమ్మ కట్టిచ్చిన బెల్లం.

"మాస్కు పెట్టుకోరా!"

"ఏం కాదక్కా. బెల్లం తింటే దుమ్మంతా కిందికి దిగిపోతది. నాయన చెప్పలే?"

"బెల్లం పోయే గొట్టం వేరు, గాలి పోయే గొట్టం వేరురా. అది ఊపిరితిత్తులల్లకు పోనే పోదు."

వాడు మిషన్ ఆపాడు. "మరి గీ ముచ్చట నాయనకు ఎవ్వరు చెప్పలేదా?"

ఈ పాఠం నాకు పదో తరగతిలోనే ఉంది నాయనా. గట్టిగా చదివి బట్టీ పట్టేదాన్ని. నువ్వు పని నుంచి వచ్చి, నా ఎదురుగా కూర్చుని, బెల్లం నములుతూ, "నా బిడ్డ మంచిగ చదువుతది" అని మురిసిపోయేవాడివి.