మామయ్య తిండి సంగతి

అత్తయ్యకు నమస్కారాలు. వదిన పురుడు చూసుకుంటూ కూడా మామయ్య తిండి గురించే బెంగపడుతున్నారట. ఇప్పుడు ఆయన సుబ్బరంగా తింటున్నారు.

వేసవి సెలవులకి వెళ్లేవాళ్లంతా కుక్కల్ని మన దగ్గరే వదులుతున్నారు, కుక్కల షెడ్డు నిండిపోయింది. ఎండ తగలకుండా తడి గోనెపట్టాలు కట్టాం. కుక్కల్లో టీచరమ్మగారి ముసలికుక్క వచ్చినప్పట్నుంచీ గిన్నె ముట్టలేదు. మీరు వెళ్లాక మామయ్యదీ అదే వరస. కుక్కలంటే ఆమడ దూరం ఉండే మనిషి, నిన్న మధ్యాహ్నం కంచం పట్టుకెళ్లి దాని ఎదుట కూర్చున్నారు.

"నీకో ముద్ద, నాకో ముద్ద. మనిద్దర్నీ వదిలేసి వెళ్లారుగా" అన్నారు.

అది కాసేపు ఆయన మొహం చూసి, చేతిలోది తినేసింది. ఈయనా మారు వడ్డించమన్నారు. తలుపు చాటున మీ అబ్బాయీ నేనూ నవ్వు ఆపుకోలేకపోయాం.

మీ పాత నూలు చీరలు కుక్కల పక్కలకి తీసుకోనా? కుట్టుమిషను సూదులు ఎక్కడున్నాయి?

టీచరమ్మగారు ఆదివారం వస్తారని చెబితే మామయ్య, "ఆవిణ్ణి ఎండలు తగ్గాక రమ్మను. మీ అత్తయ్యని మాత్రం త్వరగా రమ్మని రాయి" అన్నారు. రాశాను.

వదినకి మా ప్రేమ, చంటిదానికి ముద్దులు.

మీ కోడలు